నేను తొలిచూలు బిడ్డను కాదు

నా కూతురికి ఇప్పుడు ఐదో నెల. బోర్లా పడుతోంది, పిలిస్తే తల తిప్పి చూస్తోంది. ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని ఎత్తుకుని, "అంతా మంచిగనే అయింది గదా, ఇంకా మనసుల పెట్టుకుంటవేంది?" అంటున్నారు. మంచిగానే అయింది, కాదనను. వెంట్రుకవాసిలో తప్పింది. తప్పించింది మా అమ్మే. అంతదాకా తెచ్చింది కూడా మా అమ్మే. ఆ రెండోది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. అందుకే రాస్తున్నాను. మొదటి కాన్పుకు పుట్టింటికి పోయే ఆడపిల్ల ఎవరైనా చదివితే ఆమెకైనా పనికొస్తుంది.

నా పేరు లత. పెళ్లయి రెండేళ్లు దాటింది. బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టే పని నాది. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ కొన్న బిందెల మీద, పళ్లేల మీద చిన్న కరెంటు మిషన్‌తో పేర్లు రాస్తాను. మా ఆయన రవి కరెంటాఫీసులో లైన్‌మన్. అత్తగారిల్లు ఉప్పుగూడలో. అమ్మ ఇల్లు అక్కడికి రైల్లో ఒక్క స్టేషన్ దూరం, ఫలక్‌నుమాలో. మేడ మీద రెండు గదులు, కింద ఇనుప బీరువాలు చేసే కార్ఖానా. నాన్న పోయి ఆరేళ్లయింది. అమ్మా, డిగ్రీ చివరి సంవత్సరం చదివే మా చెల్లెలు స్వప్నా ఉంటారు.

అమ్మ ఇరవై ఎనిమిదేళ్లు సర్కారు కాన్పుల దవాఖానాలో ఆయాగా పనిచేసి రిటైరైంది. మా గల్లీలో ఎవరికి నెల తప్పినా ముందు మా మెట్లెక్కేవాళ్లు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పేది. అలాంటి మనిషి కూతురిని కాబట్టి నాకు కాన్పంటే భయమే లేకుండింది. అమ్మకు నేను తొలిచూలు. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే విన్నాను. "తొలుసూరు బిడ్డ, గందుకే గింత మొండిది" అని నా గురించి అందరికీ చెప్పుకునేది.

ఏడో నెల

శ్రీమంతం చేసి, ఒడి నింపి అమ్మ నన్ను ఫలక్‌నుమాకు తెచ్చుకుంది. మే నెల చివర. రేకుల మీద ఎండ, కింద కార్ఖానాలో రేకులు సాపు చేసే సుత్తుల చప్పుడు. అయినా పుట్టింటికి వచ్చానన్న సంతోషం. అమ్మ నా చేత పని ముట్టనిచ్చేది కాదు.

వారం తిరిగేసరికి అరచేతుల్లో దురద మొదలైంది. దద్దుర్లు లేవు, ఎర్రబడలేదు. పైపైన కాదు, చర్మం కింద ఎక్కడో. గోకితే అందదు. రెండు రోజుల్లో అరికాళ్లకు దిగింది. పగలు కాస్త ఓర్చుకోవచ్చు. దీపం ఆర్పి పడుకుంటే మాత్రం ఒళ్లంతా చీమలు పారేవి.

"ఆ మిషన్ పట్టి పట్టి చేతులు గట్లయినయ్" అంది అమ్మ. తర్వాత వేడి చేసిందంది. కొబ్బరినూనె రాసింది, వేపాకు వేసి నీళ్లు కాచి పోసింది. తగ్గలేదు. ఒకనాడు నేను ఏడుస్తూ కూర్చుంటే పక్కన కూర్చుని తల నిమిరింది.

"రంది పెట్టుకోకు బిడ్డా. నువ్వు కడుపుల ఉన్నప్పుడు నాకు గూడ గిట్లనే దురదలు. ఏం గాలే. నువ్వు బంగారం లెక్క పుట్టినవ్."

ఆ మాటతో నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఆ మాటే తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ముప్పై రెండో వారం

దవాఖానాకు పోయిన రోజు మా అత్తమ్మ కూడా వచ్చింది. మనవడో మనవరాలో ఎట్లుందో తానూ వింటానంది. పొద్దున ఏడింటికి లైన్లో నిలబడితే పదకొండు దాటాక లోపలికి పిలుపొచ్చింది. బెంచీ మీద నాలుగు జాగాలు, పదిమంది కడుపుతో ఉన్నవాళ్లు. వంతులవారీగా కూర్చున్నాం. అమ్మ పనిచేసిన దవాఖానా కాదది. ఇంటికి దగ్గరని ఇక్కడికే పోదామంది. అప్పుడు నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. నా అరచేతులు తిప్పి చూసింది. అంతసేపూ కంప్యూటర్ వైపే ఉన్న చూపు అప్పుడే నా మీదికి తిరిగింది.

"చేతులకు, కాళ్లకే ఎక్కువా? రాత్రిళ్లు పెరుగుతుందా?"

అవునన్నాను.

"మీ అమ్మగారికి కాన్పప్పుడు ఇట్లా వచ్చిందా? మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండాక కడుపులోనే బిడ్డ పోవడం జరిగిందా?"

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ నా వెనక నిలబడి ఉంది, ఆమె పక్కన మా అత్తమ్మ. "లేదు మేడం" అంది అమ్మ. గొంతు ఎంత మామూలుగా ఉందంటే, పేరడిగితే చెప్పినట్టు చెప్పింది. "నాకు రెండే కాన్పులు. రెండు సక్కగైనయ్. దురదలు గిరదలు ఏం లేవు."

"అదేందమ్మా, నాతోని ఉన్నప్పుడు వచ్చినయ్ అన్నవ్ గదా?"

"అవి చెమటకాయలు బిడ్డా. ఎండకాలముండె."

డాక్టరమ్మ రాసుకుంది. రక్తపరీక్ష రాసింది. రెండు రోజులకు వచ్చిన రిపోర్టు చూసి, రక్తంలో ఒక లెక్క కొంచెం ఎక్కువుంది గానీ ఇంట్లో ఎవరికీ లేదంటున్నారు కాబట్టి రెండు వారాలు చూద్దాం, పెరిగితే ఇంకో పరీక్ష బయటికి పంపిద్దాం అంది. ఆమెను నేనేమీ అనను. ఆమె అడగాల్సింది అడిగింది. నాకోసం ఆ దవాఖానాలో ఆ ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే.

బయటికి వచ్చాక మా అత్తమ్మ, "గింతదానికే ఇన్ని పరీక్షలా? మేము కనలేదా?" అంది. అమ్మ నవ్వింది. "ఈ కాలం పిల్లలు వదినె" అంది.

ముప్పై నాలుగో వారం

ఆ రెండు వారాలు ఎట్లా గడిచాయో చెప్పే మాటలు నా దగ్గర లేవు. నొప్పి అయితే అరవొచ్చు, పక్కవాళ్లకు అర్థమవుతుంది. దురద అంటే నవ్వులాట. అమ్మ నా గోళ్లు మాంసం దాకా కత్తిరించింది. దువ్వెనతో గోకాను, పీచుతో గోకాను, చివరికి గడప దగ్గర షాబాద్ బండ అంచుకు కాళ్లు రాసుకున్నాను. దుప్పటి మీద రక్తం చారలు పడేవి. స్వప్న పొద్దున్నే లేచి ఎవరూ చూడకముందు ఆ దుప్పట్లు ఉతికేది.

చల్లనీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుంటే కాస్త హాయిగా ఉండేది. కింద కార్ఖానా యజమాని ఖాలిద్ భాయ్ ఒకనాడు పైకి చూసి, మెట్ల మీద బకెట్ ముందేసుకుని కూర్చున్న నన్ను గమనించాడు. ఏమీ అడగలేదు. మర్నాటి నుంచీ మధ్యాహ్నం కాగానే జ్యూస్ దుకాణం నుంచి ఐసుగడ్డ గోనెసంచిలో చుట్టి మా మెట్ల మీద పెట్టేవాడు. రెండు నుంచి నాలుగు దాకా సుత్తులు ఆపించాడు. "దోపహర్‌ల పెయింట్ పని చేస్కుంటం అమ్మా, మీరు సో జావ్" అని ఒక్కమాట అన్నాడు. రాత్రంతా కన్ను మూయని నేను ఆ రెండు గంటలే నిద్రపోయేదాన్ని.

మా ఆయన ఆదివారాలు వచ్చేవాడు. మంచివాడే. కానీ మంచితనం అన్నిసార్లూ పనికి రాదని ఆ నెలలోనే తెలిసింది.

"అందరికి ఉంటది లతా. జర ఓపిక పట్టు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ ముంగట గట్ల గోక్కోకు. బాగుండది" అన్నాడు.

"నీకు కరెంటు షాక్ కొడితే గూడ ఓపిక పట్టుమంట" అన్నాను. ఆ రోజు అతను తినకుండానే వెళ్లిపోయాడు.

నమ్మింది స్వప్న ఒక్కతే. ఒక సాయంత్రం ఫోన్లో ఏదో చదివి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఇది లివర్‌ది అంట. కడుపుతోటి ఉన్నోళ్లకే వస్తదంట. బిడ్డకు..." అని ఇంకేదో చదవబోయింది. వంటగదిలోంచి అమ్మ ఒక్క అంగలో వచ్చి ఫోన్ లాక్కుంది. అమ్మ చెయ్యెత్తడం నేను అంతకుముందు చూడలేదు. స్వప్న చెంప మీద వేళ్లు తేలాయి.

"కడుపుతోటి ఉన్నదానికి గిసొంటివి చెప్తరా? ఇరవై ఎనిమిదేండ్లు దవాఖానల ఉన్నదాన్ని. నాకు తెల్వదా?"

తెలుసు. అదే కదా అసలు సంగతి.

ఆ రోజుల్లో అమ్మ ఇంకొకటి చేసేది. రాత్రి రెండు మూడుసార్లు లేపి నన్ను ఎడమపక్కకు తిప్పి, చల్లటి నీళ్లు తాగించి, నా కడుపు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది. బిడ్డ తన్నేదాకా చెయ్యి తీసేది కాదు. తన్నగానే ఊపిరి వదిలేది. అది ప్రేమ అనుకుని నేను స్వప్నతో గర్వంగా చెప్పాను, మా అమ్మలాంటి అమ్మ ఎవరికుంది అని. ఆమె ఎందుకు లెక్కపెట్టుకుంటూ కూర్చుందో తెలిసుంటే ఆ చెయ్యి తీసి పారేసేదాన్ని.

రెండు వారాల తర్వాత పరీక్షలో లివర్ లెక్క బాగా పెరిగింది. డాక్టరమ్మ మాత్రలు మొదలుపెట్టింది. మాత్రలకు దురద అణా వంతు తగ్గింది. మరో వారం చూసి, జబ్బు అదేనా అని తేల్చే అసలు పరీక్షకు రక్తం తీసి బయటి ల్యాబ్‌కు పంపింది. అది అక్కడ చెయ్యరు, రావడానికి నాలుగైదు రోజులు పడుతుందన్నారు. బిడ్డ కదలిక తగ్గితే ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉండొద్దని నా కళ్లలోకి చూస్తూ రెండుసార్లు చెప్పింది.

ముప్పై ఆరో వారం, ఆదివారం

పాతబస్తీలో బోనాల ఆదివారం. పొద్దుటి నుంచీ డప్పులు, మైకులు. ఇల్లంతా పసుపు, వేపాకు వాసన. నేను పది గంటలకు గమనించాను, బిడ్డ కదలడం లేదు. నిద్రపోతోందేమో అనుకున్నాను. అమ్మతో చెప్పగానే చేతిలో గరిటె అట్లాగే వదిలేసింది.

బెల్లం నీళ్లు తాగించింది. ఎడమపక్క పడుకోబెట్టింది. ఐసుముక్క గుడ్డలో చుట్టి కడుపు మీద పెట్టింది. రెండు చేతులూ వేసి కూర్చుంది. డప్పులు ఆగినట్టే అనిపించింది నాకు. ఎంతసేపో తెలియదు. ఒకసారి సన్నగా, చేప తోక కదిలించినట్టు ఏదో అయింది, అంతే. అమ్మ ముఖం చూశాను. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

"స్వప్నా, నువ్వు ఇంటికాడ ఉండు, బావకు ఫోన్ కొట్టు" అంది. చెప్పులు లేకుండా మెట్లు దిగి ఖాలిద్ భాయ్ పేరు పట్టుకుని అరిచింది. అరుపు విని వెనక గల్లీలోని తన ఇంట్లోంచి అన్నం చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడాయన. ఆటో తెచ్చి, డ్రైవర్ పక్కన తాను కూర్చున్నాడు. రోడ్డు మీద ఊరేగింపు. ఆటో అంగుళం కదలదు. ఆయన దిగి ముందు నడిచాడు. టోపీ చేత్తో పట్టుకుని, "రాస్తా దేవ్ భాయ్, కడుపుతో ఉన్న బిడ్డ ఉంది అన్నా, జర జరుగుండ్రి" అని అరుస్తూ. డప్పులవాళ్లు వాయించడం ఆపేసి పక్కకు తప్పుకున్నారు. నెత్తిన బోనంతో ఉన్న ఒక పెద్దామె ఆటో పక్కనే నిలబడి, నన్ను చూసి, "సల్లగ అయితవ్ బిడ్డా" అంది. ఆమె ఎవరో తెలియదు. ఖాలిద్ భాయ్ మాత్రం ఆ ఎండలో సందు చివరిదాకా నడిచాడు.

దవాఖానాలో ఆదివారం కాబట్టి చిన్న వయసు డ్యూటీ డాక్టర్ ఉంది. నా కడుపుకు పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గదంతా గుర్రం పరుగులాంటి చప్పుడు. నేను ఏడ్చేశాను. ఆలోగా రవి, అత్తమ్మ వచ్చారు.

"హార్ట్‌బీట్ ఉంది. భయం లేదు" అంది డాక్టర్. "మీ రిపోర్టు రేపు వస్తుంది. ఇంకా నెలలు నిండలేదు కదా, అడ్మిట్ చేసి చూస్తూ ఉంటాం. రేపు పెద్ద డాక్టర్ వచ్చి డిసైడ్ చేస్తారు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డాక్టర్ వెళ్లబోయింది. అప్పుడు అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మేడం, ఆగకుండ్రి. రేపటిదాక ఆగకుండ్రి."

"అమ్మా, చెప్పాను కదా..."

"నాకు గిట్లనే ఇద్దరు పోయిండ్రు."

డాక్టర్ నా ఫైలు తిప్పింది. "మీకు రెండే కాన్పులని ఉందే?"

"నాలుగు. లత కంటె ముంగట ఇద్దరు. ఇద్దరు తొమ్మిదో నెల పడంగనే. గిట్లనే దురదలు. గిట్లనే ఒక్కనాడు కదులుడు తగ్గింది. గుండె కొట్టుకుంటున్నది, ఇంటికి పోయి రేపు రమ్మన్నరు. తెల్లారేటాల్లకు లేదు. రెండోసారి గూడ గదే." అమ్మ డాక్టర్ చెయ్యి వదల్లేదు. "నీ కాళ్లు మొక్కుత. తీసెయ్యుండ్రి."

డాక్టర్ ఫోన్ తీసి, నన్ను మొదటి నుంచీ చూస్తున్న పెద్ద డాక్టరమ్మకు చేసింది. గంటలోపు నన్ను ఆపరేషన్‌కు తీసుకుపోయారు.

స్ట్రెచర్ మీద ఉండగా నాకు అమ్మను ఏమీ అడగాలనిపించలేదు. తలుపు దగ్గర మా అత్తమ్మ గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఇద్దరా? సంబంధం మాట్లాడిననాడు ఈ ముచ్చట చెప్పలేదేంది వదినె?"

అమ్మ తల వంచుకుంది. నేను రవి వైపు చూశాను, ఏమైనా అంటాడని. అతను స్ట్రెచర్ చక్రం వైపు చూస్తున్నాడు.

తొమ్మిది రోజులు

ఉమ్మనీరు పచ్చగా మారిపోయి ఉందట. బిడ్డను తీశాక ఏడుపు వినిపించలేదు. తెర అవతల ఎవరో పరుగెత్తారు. ఏవో గొట్టాలు తెమ్మన్నారు. నేను పైన దీపాన్ని చూస్తూ, దీనికి పేరు కూడా అనుకోలేదే అనుకున్నాను. చాలాసేపటికి పిల్లికూన కూసినట్టు ఒక చప్పుడు. "ఆడపిల్ల" అన్నారు. చూపించకుండానే తీసుకుపోయారు.

తొమ్మిది రోజులు అద్దాల గదిలో ఉంది. మేము బయట నడవాలో ఉన్నాం, ఇరవై మంది తల్లులం. మూడు గంటలకోసారి పిలిస్తే స్టీలు గిన్నెలో పాలు పిండి ఇచ్చి రావాలి. కుట్లు పట్టుకుని గోడ వెంట నడిచేదాన్ని. నా పక్కన బార్కస్ నుంచి వచ్చిన ఒకామె కూర్చునేది. ఆమె బిడ్డ నా బిడ్డకంటే చిన్నది. నా పాదాల గాట్లు చూసి తన చెప్పులు విప్పి నా ముందు పెట్టి, తాను వట్టికాళ్లతో తిరిగింది. నాలుగో రోజు ఆమెను లోపలికి పిలిచారు. తిరిగి బెంచీ దగ్గరికి రాలేదు. ఆ చెప్పులు తిరిగి ఇవ్వలేకపోయాను.

దురద మూడో రోజుకు పోయింది. అంత నరకమూ ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగింది. సోమవారం వచ్చిన రిపోర్టు చూసి పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు తీసి, "మీ అమ్మ చెప్పడం మంచిదైంది" అంది. ఆ మాట ఆ తర్వాత నేను ఎందరి నోటనో విన్నాను. మీ అమ్మ వల్లే బిడ్డ దక్కింది. అవును. కానీ అదే డాక్టరమ్మ అదే గదిలో నాలుగు వారాల ముందు అడిగింది. ఆ నాలుగు వారాల్లో ఏ పూటైనా పోయుండేది. ఆ లెక్క ఎవరూ చెయ్యరు.

ఆరో రోజు మధ్యాహ్నం నడవాలో జనం పలచబడ్డాక అమ్మను అడిగాను. ఆమె నాకు అన్నం కలిపి పెడుతోంది.

"నీకు తెల్సా, తెల్వదా?"

అమ్మ ముద్ద పళ్లెంలోనే పెట్టేసింది. "అప్పుడు తెల్వదు. మనదేదో పాపమనుకున్న. దవాఖానల చేరినంక, ఎన్నో ఏండ్లకు, డాక్టర్లు దురద గురించి అడుగుడు ఇన్న. అనుమానమొచ్చింది."

"మరి నాకు దురదలని తెల్సినంక?"

"తెల్వలేదంటె అబద్ధమైతది బిడ్డా."

"ఎందుకు చెప్పలే?"

అమ్మ ఎటో చూస్తూ చెప్పింది. మొదటివాడు మగపిల్లాడు, రెండోది ఆడపిల్ల. రెండోది పోయాక మా నాయనమ్మ, "ఇద్దర్ని మింగినవ్" అని ముఖం మీదే అందట. ఎవరింట శ్రీమంతమైనా పిలిచేవాళ్లు కాదు. పసిపిల్లల ఉయ్యాల దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. నాన్న ఊరొదిలి అమ్మను పట్నం తెచ్చాడు. నేను పుట్టాక ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు, ఇదే మన తొలిచూలు, అంతకుముందు ఏమీ లేదు అని.

"తర్వాత గీ నౌకరి దొరికింది. ఇద్దర్ని పోగొట్టుకున్నదని తెలిస్తే నా చేతికి ఎవరు బిడ్డనిస్తరు? గందుకే నిన్ను ఆ దవాఖానకు తీస్కపోలే. ఆ డాక్టరమ్మ అడిగిననాడు మీ అత్తమ్మ నా పక్కనే ఉండె. నిన్ను గూడ గట్లనే అంటరని భయమైంది. మందులిస్తరు గదా, నేను కన్నేసి ఉంట గదా అనుకున్న. రాత్రంత చెయ్యేసుకోని ఉన్న గదనే."

"నీ చెయ్యి మందా?" అన్నాను. నడవాలో రెండు తలలు తిరిగాయి. అమ్మ పళ్లెం తీసుకుని లేచింది. కొంగుతో ముఖం తుడుచుకోలేదు, ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆమె భయం ఒట్టిది కాదని కూడా చెప్పాలి. బిడ్డను ఇంటికి తెచ్చాక మా అత్తమ్మ చూడటానికి వచ్చి, ఎత్తుకుని, "మా దిక్కు ఎవ్వరికి లేదమ్మా ఈ రోగం" అని పక్కింటామెకు వినబడేటట్టు అంది. ఇరవై ఒకటో రోజు తొట్టెలకు వచ్చినవాళ్లలో ఇద్దరు అమ్మను ఉయ్యాల తాడు ముట్టుకోనివ్వకుండా అడ్డం నిలబడ్డారు. ముప్పయ్యేళ్ల కిందటి మాటే మళ్లీ. రవితో చెప్తే నిట్టూర్చాడు. "మీ అమ్మ చెప్పకపోవుడు తప్పే. గని చెప్పుంటే మా అమ్మ ఊకుంటుండెనా?" అన్నాడు. ఆ ఇద్దరి మధ్య తాను ఏం చేశాడో అతను అనుకోలేదు. నేను అడగలేదు. అడిగే ఓపిక అప్పటికి లేదు.

ఇప్పుడు

డాక్టరమ్మ చెప్పింది, నాకు మళ్లీ కడుపు వస్తే ఇదీ మళ్లీ రావచ్చని, చెల్లెలికి కూడా రావచ్చని. ముందే తెలిస్తే ముందే చూస్తారు, సమయానికి తీస్తారు. అందుకే చదివే ఆడపిల్లకు చెప్తున్నాను. మీ అమ్మను అడగండి. ఒక్కదాన్నే కూర్చోబెట్టి, అత్తగారు లేని చోట, తలుపేసి అడగండి. మీకంటే ముందు ఎవరైనా ఉన్నారా అని అడగండి. అరచేతులు దురద పెడితే ఎవరు నవ్వినా దవాఖానాకు పొండి.

పోయిన నెల స్వప్నకు ఒక సంబంధం వచ్చింది. శంషాబాద్ దగ్గరివాళ్లు. పిల్లవాడికి మంచి ఉద్యోగం. వాళ్లు వచ్చే ముందురోజు అమ్మ నన్ను వంటగదిలోకి పిలిచి చెయ్యి పట్టుకుంది.

"రేపు ఆ ముచ్చట తియ్యకు. పెండ్లయినంక నేనే చెప్త."

"నాకు చెప్పినవా?"

"లతా, నీకు దండం పెడ్త. అది బతకాలె గదా."

నేను చెప్పనని మాటివ్వలేదు, చెప్తానని కూడా అనలేదు. చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు. మర్నాడు చాయ్ గ్లాసులు ఇచ్చి, చాప మీద కూర్చుని, ఇంకేమైనా అడగాలా అని పిల్లవాడి తల్లి అంటే స్వప్న తలెత్తింది.

"అడుగుడు కాదు, నేనే ఒకటి చెప్పాలె. మా అమ్మకు కాన్పులల్ల ఒక జబ్బు వచ్చింది. ఇద్దరు పిల్లలు పోయిండ్రు. మా అక్కకు గూడ వచ్చింది. నాకు గూడ రావొచ్చు. మందున్నది, ముందుగాల చూపిచ్చుకుంటే భయం లేదు. ఇది తెల్సి ఇష్టమైతేనే మాట్లాడుకోండ్రి."

వాళ్లు చాయ్ తాగారు. ఊళ్లో వానల గురించి ఒకటి రెండు మాటలన్నారు. ఫోన్ చేస్తామని లేచారు.

ఆ రాత్రి అమ్మ తినలేదు. నాతో మాట్లాడలేదు, స్వప్నతోనూ మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అమ్మ పీట వేసుకుని, కాళ్లు చాపి, వాటి మీద నా కూతురిని బోర్లా పడుకోబెట్టి నూనె మర్దన చేస్తోంది. ఎంత మందికి చేశాయో ఆ చేతులు. బిడ్డ ఏడవకుండా మూలుగుతోంది.

"వాళ్లు ఫోన్ చెయ్యరు" అంది అమ్మ, మా వైపు తిరగకుండా.

"చెయ్యకపోనీ" అంది స్వప్న గడపలోంచి.

అమ్మ చెంబుతో నీళ్లు ముంచింది. మోచేతి మీద పోసుకుని వేడి చూసుకుంది. బిడ్డ వీపు మీద మెల్లగా వంచింది.

"గట్ల చెప్పొచ్చని నాకు ఎవ్వరు చెప్పలే" అంది.

నా దగ్గర అనవలసిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ మెత్తనిది కాదు. తానం అయిపోయింది, బిడ్డ వణుకుతోంది. తువ్వాల అందించాను.